దవడకు పదకొండు ఫోటోలు

మూడో వరద వచ్చిన ఏడు నా దవడకు పదకొండు ఫోటోలు తీశారు. నా పెళ్లికి తీసినవి రెండు. అందులో ఒకదాంట్లో నేను కళ్లు మూసుకున్నాను.

మనిషికి అసలైన మర్యాద ఎక్కడ జరుగుతుందో దీన్నిబట్టే తెలియడం లేదూ? స్కానింగ్ సెంటర్లో జరుగుతుంది. ఇది తెలియక కొందరు, "తుమ్మితే చాలు టెస్టులు రాసేస్తున్నారండీ" అని సణుగుతూ తిరుగుతుంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి.

నేను వడ్రంగిని. చదివింది మూడో తరగతి, అదీ వర్షాల్లో సెలవులు పోను. మాట తక్కువ మనిషిని. అలాంటివాణ్ణి నోరు విప్పి చెబుతున్నానంటే నమ్మండి. ఈ కాలంలో మనకు దక్కిన వరాల్లో దవడ స్కాన్‌ను మించింది లేదు. ఎందుకో చెబుతాను. దానికి ముందు తలుపు సంగతి చెప్పాలి.

మా వర్క్‌షాపు వీధి పల్లంలో ఉంది. లోపల రెండు పని బల్లలు. కిటికీ పక్కది నాది, ఎదురుగా ఉన్నది మా బావమరిదిది. ఇంటావిడకు తమ్ముడు, నాకు ఇరవయ్యారేళ్లుగా పనిలో జోడీ. ఒక కొసన అతను పట్టుకుంటే రెండో కొసన నేను. మాకు మాటలతో పని ఉండేది కాదు. "ఊఁ" అంటే ఎత్తాలి, "ఊఊఁ" అంటే దించాలి.

వరద వచ్చిన రోజు నేను వంతెన అవతల ఒక ఇంటికి కిటికీలు బిగిస్తున్నాను. వంతెన మూసేశారు. మూడో రోజుకు గానీ షాపుకు రాలేకపోయాను. వచ్చి చూస్తే వీధి తలుపు లేదు. దర్జీ కొట్టు మెట్ల మీద బురదలో పడుంది.

నీళ్లకు కొట్టుకుపోయిందనుకుందామా? మూడు మడతబందులకూ సీలలు తీసి, చిన్న రేకు డబ్బాలో వేసి, బావమరిది బల్ల మీద పెట్టి ఉన్నాయి. నీళ్లు సీలలు తీసి డబ్బాలో పెట్టవు కదా. ఆ తలుపు లేని ద్వారం గుండానే వరద లోపలికొచ్చింది. ద్వారం పక్క అరమీద ఉన్న పెట్టె, మా నాన్న చిత్రిక ఉండేది, కొట్టుకుపోయింది. మా నాన్న అరచెయ్యి పట్టీ పట్టీ నల్లగా నున్నగా అయిన చిత్రిక అది. చెక్కను నున్న చెయ్యడానికి షాపులో ఇంకా నాలుగున్నాయి. అవన్నీ పనిముట్లు. అది మా నాన్న.

మర్నాడు బావమరిది వచ్చాడు. "బావా, తలుపు…" అని ఆగాడు. నేను అడుగుతానని చూశాడు. నేను చీపురు తీసుకున్నాను.

అంతే. ఆ రోజు నుంచి మా మధ్య "ఊఁ" కూడా లేదు. తలుపును లోపలికి తెచ్చి గోడకు ఆనించాం, చెరో కొసన పట్టుకుని, చెరో వైపు చూస్తూ. దాన్ని తిరిగి బిగించాలంటే ఒకడు పట్టుకోవాలి, ఒకడు సీల దించాలి. "పట్టుకో" అని ఎవరో ఒకరు అనాలి. ఎవరూ అనలేదు. ద్వారానికి టార్పాలిన్ పట్టా కట్టాం. తలుపులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు పట్టా ఎత్తుకుని లోపలికి వచ్చేవాళ్లు.

ఒకరోజు దర్జీ ఎదురై, "మీ తలుపు మహా గట్టిదండీ మేస్త్రీ" అని నవ్వాడు. తలుపు ఊడి పడున్నవాడితో అనాల్సిన మాటేనా? పంటి బిగువున వచ్చేశాను.

ఇంటావిడను ఒకసారి కదిపాను. "ఎందుకు ఊడదీశాడట?"

"నాకు తెలుసు. నేను చెప్పను" అంది. "ఇరవయ్యారేళ్లు మీ ఇద్దరికీ పోస్టుమేన్ ఉద్యోగం చేశాను. రిటైరయ్యాను. నోరుంది కదా, వాణ్ణే అడుగు."

నోరుంది. అయితే దానికి కష్టం వచ్చిపడింది. ఎడమ చెవి ముందర నొప్పి మొదలైంది. నోరు తెరిస్తే టక్‌మనేది. కొన్నాళ్లకు ఒకటిన్నర వేలు పట్టేంతే తెరుచుకునేది. బ్రెడ్డు పాలల్లో ముంచి, పక్కకు వంచి, ఉత్తరం డబ్బాలో వేసినట్టు వేసుకునేవాణ్ణి. అలా నాలుగు నెలలు. అప్పటికి బావమరిది అక్కతో కబురు చెప్పాడు: నెలాఖరుకు తన బల్ల తీసుకుని వంతెన అవతలి ఫర్నిచర్ కంపెనీలో చేరిపోతాడట. రిటైరైన పోస్టుమేన్ ఆ ఒక్క ఉత్తరం మాత్రం తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, నా ముఖం చూస్తూ నిలబడింది. నాకు నోరు నొప్పిగా ఉందని సైగ చేశాను.

ఇక వరం సంగతికి వద్దాం.

పెద్ద ఆస్పత్రిలో దవడ డాక్టరు గదికి వెళ్లాను. నా టోకెన్ యాభై మూడు. ఆయన తల ఎత్తకుండానే, "దవడ కీలు" అన్నాడు. ఇంటావిడ రాయించిన చీటీలో అదే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కీలంటే నాకు తెలియని విషయమా? నలభై ఏళ్లుగా నేను బతికింది కీళ్ల మీదే. తలుపు మొరాయిస్తే పదిసార్లలో ఒక్కసారే కీలు తప్పు. మిగతా తొమ్మిదిసార్లూ ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని వేలాడుతుంటారు. ఆ మాట డాక్టరుకు చెబుదామని నోరు తెరవబోయాను. అది తెరుచుకునేలోపు ఆయన ఎక్స్‌రే రాసేశాడు.

చూశారా ఎంత సుఖమో? ఎప్పటినుంచి, ఎందువల్ల, ఏం తింటావు, ఎవరితో పడదు? ఒక్క ప్రశ్న లేదు. ఊళ్లో అందరూ "ఏమైంది మేస్త్రీ" అని ప్రాణం తీస్తుంటే, ఆ భవనంలో నాలుగు అంతస్తుల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మాట తక్కువ మనిషికి ఇంతకంటే స్వర్గం ఏముంటుంది?

మొదటి యంత్రం దగ్గర గడ్డం ఒక అరమీద ఆనించమన్నారు. పళ్ల మధ్య ఒక పుల్ల పెట్టారు. యంత్రం నా తల చుట్టూ తిరిగింది. అరవై నాలుగేళ్లొచ్చాయి, ఇన్నాళ్లలో నా చుట్టూ ఎవరైనా తిరిగారా? అడ్వాన్సు ఇచ్చి తలుపు అందని వాళ్లు తప్ప?

తర్వాత పక్కల నుంచి నాలుగు ఎక్స్‌రేలు. ఫోటోలు తీసే అబ్బాయి గాజు కిటికీ వెనక నుంచి మైకులో, "సార్, నోరు మూయండి" అన్నాడు. మూశాను. "ఇప్పుడు తెరవండి సార్" అన్నాడు. తెరిచాను. "ఇంతేనా సార్?" అన్నాడు.

బెంచీ మీద కూర్చున్న ఇంటావిడ, "మీరు నయం బాబూ. నాకు ఆ మాత్రం కూడా తెరవలేదు" అంది.

నోరు మూసుకోమనడంలో కూడా మర్యాద ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందట. బాగుంటే ఊరుకుంటారా? ఎముకను ఇంకా దగ్గరగా చూడాలని సీటీ తీశారు. రెండు ఫిల్ములు. అందులోనూ బాగానే ఉంది. అయితే కీలు నడుమ మెత్తటి బిళ్ల ఉంటుందట, అది ఎముకల ఫోటోలో పడదట. దాని కోసం ఎంఆర్ఐ, నాలుగు ఫిల్ములు. నన్ను గొట్టంలోకి తోశారు. మొదట నోరు మూసి, తర్వాత పళ్ల మధ్య ప్లాస్టిక్ దిమ్మ పెట్టి నోరు తెరిచి. లోపల ఒకటే మోత. రంపం, సుత్తి, డ్రిల్లు, మళ్లీ సుత్తి. కదలకూడదన్నారు. ఎందుకు కదులుతాను? నాలుగు నెలల తర్వాత, రెండు బల్లల మీదా పని నడుస్తున్న షాపులో ఉన్నట్టనిపించింది. హాయిగా కళ్లు మూసుకున్నాను. ఆ హాయిలో పళ్లు ఎంత గట్టిగా కరిచానో దిమ్మ బయటికి తీశాక చూపించారు. గంట్లు పడ్డాయి. అది మాత్రం ఫోటో తీయలేదు.

మొత్తం పదకొండు. పెద్ద కవరు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుంటే పక్కవాడు లేచి కిటికీ సీటిచ్చాడు. కవరు ఎంత పెద్దదైతే మనిషికి అంత విలువ.

ఆ రాకపోకల్లోనే నాకు జ్ఞానోదయమైంది. నలభై ఏళ్లుగా నేను పని తప్పుగా చేస్తున్నాను. ఎవరైనా వచ్చి "తలుపు పట్టేస్తోందండీ" అంటే, నేనేం చేసేవాణ్ణి? వాళ్లింటికి వెళ్లి, బందు మీద వేలు పెట్టి, తలుపును మెల్లగా మూసి తెరిచేవాణ్ణి. ఎక్కడ వేలికి తగులుతుందో అక్కడ జబ్బు. "ఎప్పటినుంచి? వానకా, ఎండకా? పిల్లలెవరైనా పట్టుకుని ఊగుతున్నారా?" అని అడిగేవాణ్ణి. మాట తక్కువవాణ్ణైనా తలుపు విషయంలో అడిగేవాణ్ణి. ఎంత మోటు పద్ధతి!

ఇకమీదట అలా చేయను. ముందు తలుపు మూసి ఒక ఫోటో. తెరిచి ఒక ఫోటో. నిలబడి ఉన్న తలుపు కిర్రుమనదు కాబట్టి ఫోటోలో ఏ జబ్బూ పడదు. అప్పుడు గడపకు ఒక ఫోటో, గోడకు ఒక ఫోటో. ఇంటివాడు ఏదో చెప్పబోతాడు. చెప్పనివ్వకూడదు. "మీరు కదలకండి" అనాలి.

అసలు ఈ పద్ధతి ఇళ్లల్లోనూ రావాలి. మొగుడు ముఖం మాడ్చుకుని వచ్చాడా? "ఏమైంది" అనే పాతకాలపు మాట ఎందుకు, గుమ్మంలోనే గొట్టంలోకి తోసెయ్యండి. పసిపిల్ల ఏడుస్తోందా? ఎత్తుకోవద్దు, మూసిన నోటికి ఒకటి, తెరిచిన నోటికి ఒకటి తీయించండి. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదా? ఇద్దరికీ చెరి పదకొండు. ఫిల్ములు కిటికీకి పక్కపక్కన అంటించి చూస్తే ఎవరిది తప్పో తేలకపోతుందా? ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేని కాలం వస్తోంది. నేను కొంచెం ముందు పుట్టాను, అంతే.

ఇంత గొప్ప విషయంలోనూ ఒక చిన్న లోపం దొరికింది. దొరకబుచ్చుకుంది ఇంటావిడ. ఆవిడ పది చదివింది. రిపోర్టులు వంటింట్లో గిన్నెలు పక్కకు జరిపి వరసగా పరిచింది.

"ఎక్స్‌రేలో, వయసుకు తగ్గ అరుగుదల. సీటీలో, వయసుకు తగ్గ అరుగుదల. ఎంఆర్ఐలో, బిళ్ల కొంచెం ముందుకు జరిగింది, ఇలా చాలామందికి ఉండొచ్చు. అన్నిటికీ ఆఖర్న ఒకటే మాట ఉంది."

"ఏమని?"

ఆవిడ వేలు పెట్టి మెల్లగా చదివింది. "రోగిని స్వయంగా పరీక్షించి, దీనితో పోల్చి చూసుకోగలరు."

"అంటే?"

"అంటే నిన్ను ఎవరైనా ఒకసారి చూడమని. ప్రతి యంత్రమూ పక్కవాడికి అదే చెప్పింది. ఎవరైనా చూశారా?"

ఆలోచించాను. పదకొండు ఫోటోల్లో నా దవడను ముట్టుకున్నది ఆ గడ్డం ఆనించిన అర ఒక్కటే.

పెద్ద ఆస్పత్రి డాక్టరు మళ్లీ రమ్మన్నాడు. ఇంకొక స్కాన్ చేసి, అవసరమైతే కీలు లోపల శుభ్రం చేద్దామన్నాడు. దానికి ముందు మా వీధి మలుపులో ఉన్న పళ్ల డాక్టరమ్మ దగ్గరికి ఇంటావిడ నన్ను లాక్కెళ్లింది. అప్పటికి నెలాఖరుకు రెండు రోజులుంది.

ఒకటే గది. ఒక కుర్చీ. కొళాయి కారుతోంది. డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది, జుట్టు ముడి మీద కళ్లజోడు పెట్టుకుని మర్చిపోయింది. కవరు ఇవ్వబోయాను. "అక్కడ పెట్టండి, పారిపోదు" అని చేతులు కడుక్కుంది. నా వెనక్కి వచ్చి నిలబడి, రెండు చెవుల ముందూ రెండేసి వేళ్లు పెట్టింది.

"తెరవండి. మూయండి. మెల్లగా. మళ్లీ."

బందు మీద వేలు పెట్టి తలుపు ఆడించడం నాకొక్కడికే తెలుసనుకున్నాను.

తర్వాత చెంపల మీద కండ నొక్కింది. అబ్బా అన్నాను. చిన్న అద్దం లోపల పెట్టి చూసింది.

"మేస్త్రీ, కీలు ముసలిదైంది, అంతే. దానికంత దోషం లేదు. కండ చెక్కలా బిగుసుకుంది. పళ్లు చూడండి, ఎవరో చిత్రిక పట్టినట్టు చదునుగా అరిగిపోయాయి. పగలూ రాత్రీ పళ్లు నూరుతున్నారు మీరు." కళ్లజోడు కోసం బల్ల మీద వెతుక్కుంటూ అడిగింది. "ఎవరి మీద?"

ఇంటావిడ పైకప్పు చూస్తోంది.

డాక్టరమ్మ వైద్యం మాటగానే అడిగిందో, మామూలు మాటగా అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగు నెలల్లో వైద్యం చేసేవాళ్లు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అడిగాక జవాబు కోసం ఆగింది కూడా. తలుపు సంగతి చెప్పాను. సీలల సంగతి చెప్పాను. మా నాన్న చిత్రిక సంగతి చెప్పాను. ఒకటిన్నర వేలంత నోటితో ఎంత సేపు చెప్పానో, బయట ఇంకో ఇద్దరు పేషెంట్లు పోగయ్యారు.

"మరి ఎందుకు ఊడదీశాడు?"

"తెలీదు."

"అడగలేదా?"

"లేదు."

"అతను చెప్పలేదా?"

"నేను అడగలేదని చెప్పలేదు."

డాక్టరమ్మ నా కవరు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఇన్ని తీయించుకున్నారు. ఒక్క మాట అడగలేకపోయారా మేస్త్రీ?"

"కళ్లజోడు జుట్టు మీద ఉందండి" అన్నాను.

వేడినీళ్ల గుడ్డ రోజూ రెండుసార్లు పెట్టుకోమంది. రాత్రిళ్లు పళ్ల మీద పెట్టుకునే తొడుగు ఒకటి చేసిస్తానంది. చివర్న ఒక నియమం చెప్పింది. "పెదాలు కలిసి ఉండొచ్చు. పళ్లు మాత్రం కలవకూడదు. నోరు మూసుకున్నా సరే, లోపల పట్టు వదలండి."

మూడు తరగతుల్లో ఎవరూ నాకు ఇంత అర్థమయ్యేలా పాఠం చెప్పలేదు.

దార్లో ఇంటావిడ ఒక్కసారే మాట్లాడింది. "వాడు రేపు పొద్దున బల్ల తీసుకెళ్లడానికి బండి మాట్లాడుకున్నాడు."

ఇప్పుడు మీరంటారు, మేస్త్రీ ప్లేటు ఫిరాయించాడు, స్కాన్‌లు దండగ అంటాడని. అనను. ఆ యంత్రాలను నేనేమీ అనలేను. అవి నిజాయితీగా కింద రాశాయి, మనిషిని చూడండి అని. చదివినవాళ్లకు తీరిక లేకపోయింది. నేనా? నాకు చదవడం రాదన్న వంక ఉంది గానీ, నేను చేసింది మాత్రం వేరేనా? ఊడిన తలుపు చూశాను. డబ్బాలో సీలలు చూశాను. ఖాళీ అర చూశాను. మనసులోనే పదకొండు ఫోటోలు తీసుకుని జబ్బు తేల్చేశాను. మనిషిని చూడలేదు. అడగలేదు.

మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్లాను. కవరు కూడా తీసుకెళ్లాను, ఎందుకో తెలియదు. బహుశా చేతులు ఖాళీగా ఉంటే భయమేమో. బావమరిది బల్ల కింద చెక్కపొట్టు ఊడుస్తున్నాడు. బల్ల కాళ్లు విప్పేసి ఉన్నాయి.

పళ్లు వదులు చేసుకున్నాను. దవడ టక్‌మంది.

"తలుపెందుకు ఊడదీశావురా?"

అతను చీపురు గోడకు ఆనించాడు. అడగడం మరీ ఆలస్యమైపోయిందేమో అనుకున్నాను.

"దర్జీ వాళ్లమ్మ మంచంలో ఉండిపోయింది బావా. లేవలేదు కదా ఆవిడ. నీళ్లు మంచం పట్టెల దాకా వచ్చేశాయి. ఎత్తుకుంటే నొప్పని అరిచింది. అందుకే తలుపు తీసి, దాని మీద పడుకోబెట్టి, నేనూ దర్జీ చెరో కొసా పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా మోశాం." ఖాళీ అర వైపు చూశాడు. "మీ నాన్న పెట్టె కనబడుతూనే ఉంది. అందుకుందామనుకున్నా. రెండు చేతులే కదా బావా."

మీ తలుపు మహా గట్టిదండీ మేస్త్రీ.

"ఆవిడ ఎలా ఉంది?"

"బానే ఉంది. నీ తలుపు గరుగ్గా ఉందని తిడుతోంది. వీపు గీసుకుపోయిందట. మేస్త్రీ సరిగ్గా చిత్రిక పట్టలేదంది."

నవ్వబోతే నొప్పి పుట్టింది. నాలుగు నెలలు ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నాను. జవాబు నాకు తెలుసు కాబట్టి అది మాత్రం అడగలేదు. గోడకు ఆనించిన తలుపు దగ్గరికి వెళ్లి ఒక కొస ఎత్తాను.

"పట్టుకో" అన్నాను.

పట్టుకున్నాడు. రేకు డబ్బాలో సీలలు తుప్పు పట్టకుండా నూనె పోసి ఉంచాడు. పై రెండు బందులూ సరిగ్గా కూర్చున్నాయి. కింది బందు దగ్గర చెక్క వరదకు నాని, ఎండి, గాడి లోతైపోయింది. బందు లోపలికి దిగబడి తలుపు వాలుతోంది. వెనక ఏదైనా పలచటిది పెట్టి ఎత్తు తేవాలి.

"అట్టముక్క వెయ్యనా?" అన్నాడు.

"అట్ట నానిపోతుంది."

కవరు విప్పాను. ఎంఆర్ఐ ఫిల్ము ఒకటి తీసి, నోరు తెరిచి ఉన్న వరసలోంచి బందు కొలతకు రెండు ముక్కలు కత్తిరించాను. మందం అచ్చంగా సరిపోయింది. నీళ్లకు నానదు. నాలుగో వరద వచ్చినా చెక్కు చెదరదు. బావమరిది తలుపు ఎత్తి పట్టుకున్నాడు, నేను సీల దించాను, తలుపు వేలితో నెట్టితే మూసుకుంది, వేలితో లాగితే తెరుచుకుంది.

స్కాన్‌లు దండగ అని ఎవరన్నారు?

ఇంకా పది ఫిల్ములున్నాయి. బండివాడు వస్తే ఖాళీగా పంపేశాం. బల్ల కాళ్లు తిరిగి బిగించడం మొదలుపెట్టాం. ఒక కాలు పొట్టిదైంది.